నెల్లూరు పొగతోటలో క్రీడా గాయాల శిక్షణ: ఒక వ్యాయామోపాధ్యాయుని సమీక్ష

నెల్లూరు పొగతోటలో క్రీడాకారులకు ఫిజియోథెరపీ చేసే ఒక కేంద్రం ఆదివారాల్లో రెండు నెలల శిక్షణ నడుపుతోంది. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు, డిగ్రీ చదువుతున్నవారు, వ్యాయామోపాధ్యాయులు ఇందులో చేరవచ్చు. మైదానంలో గాయాన్ని గుర్తించడం, అప్పటికప్పుడు చేయవలసిన చికిత్స, టేపు కట్టడం, ఆటగాణ్ణి తిరిగి ఎప్పుడు ఆడనివ్వాలో నిర్ణయించడం ప్రధాన పాఠాలు. చివరి రెండు తరగతులను క్రీడా వైద్య రంగంలోని చదువులకూ ఉద్యోగాలకూ కేటాయించారు. రుసుము 6,000 రూపాయలు. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కబడ్డీ ఆడి, ఈ ఏడాది ఇంటర్ ముగించిన ఇద్దరు అమ్మాయిలు ఈ వృత్తిలోకే వెళ్లాలని పట్టుదలగా ఉండడంతో వారితోపాటు నేనూ చేరాను. పెట్టిన డబ్బుకు తగిన విద్య దొరికిందని ముందే చెబుతున్నాను. అయితే ఇది వృత్తిలో చేర్చే కోర్సు కాదు, ఆ వృత్తి ఎంత దూరాన ఉందో, అక్కడికి దారి ఎటు ఉందో చూపించే కోర్సు. ఆ తేడా తెలిసినవారికే ఇది పూర్తిగా ఉపయోగపడుతుంది.

మన వైపు ఇటువంటి శిక్షణ అవసరం చాలా ఉంది. సంక్రాంతి వస్తే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరగని ఊరు అరుదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే చాలు, 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామునే వందలాది మంది పిల్లలు తారు రోడ్ల మీద పరుగెత్తుతారు. ఇంతమంది ఆడుతున్నా, పరుగెత్తుతున్నా, వారిలో ఒకరు కూలబడితే చూడగలిగిన మనిషి మైదానం పక్కన ఉండడు. ఎవరో ఒకరు స్ప్రే కొడతారు, ఇంకొకరు నూనె రాసి మర్దన చేస్తారు, మర్నాటికి వాపు పెరిగితే కారు మాట్లాడుకొని పుత్తూరు కట్టుకు బయలుదేరతారు. శిక్షకుడు ఆ అలవాటును ఎగతాళి చేయకపోవడం నాకు నచ్చింది. ఎక్కడికి వెళ్లినా ముందు ఎక్స్‌రే తీయించుకొని వెళ్లమని ఇంటివారికి నచ్చజెప్పండి, అది మీ మొదటి బాధ్యత అని ఆయన అన్నారు. గాయమైన మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడి కాపడం, మద్యం, పరుగు, ఈ నాలుగూ రక్తస్రావాన్నీ వాపునూ పెంచుతాయని కారణంతో సహా వివరించారు. ఊళ్లో పెద్దలకు నేను ఇప్పుడు చెప్పగలుగుతున్నది ఈ కారణమే.

అన్ని తరగతుల్లోకీ చీలమండ పాఠం ఉత్తమమైనది. కాలు లోపలికి మడతపడి బెణికినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది చీలమండకు బయటివైపు ముందుభాగాన ఉండే లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ. బెణుకా, ఎముక విరిగిందా అన్నది తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఆటవా నగర వైద్యులు రూపొందించిన నియమాలను ఆయన బొమ్మల మీద కాకుండా మా కాళ్ల మీదనే నేర్పారు. బయటి గుబ్బ ఎముక కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర, ఎముక వెనుక అంచు వెంబడి బొటనవేలితో ఒత్తుతూ వెళ్లాలి. లోపలి గుబ్బకూ అంతే. తర్వాత చిటికెన వేలి వైపు పాదం మధ్యలో పొడుచుకొని ఉండే ఎముక మొదలునూ, పాదం లోపలి అంచున ఉండే పడవ ఆకారపు ఎముకనూ ఒత్తి చూడాలి. ఎముక మీద నొప్పి ఉన్నా, గాయమైన వెంటనే, పరీక్షించే సమయంలో, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పనిసరి. ఇవేవీ లేకపోతే ఎముక విరగలేదని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. ఒత్తవలసింది మెత్తటి వాపు మీద కాదు, ఎముక మీద. ఆ తేడా వేలికి తెలిసేవరకు ఆయన ప్రతి ఒక్కరి చేతినీ పట్టుకొని దిద్దారు. ఒక తరగతి మొత్తం దీనికే సరిపోయింది, అంత సమయం ఇవ్వడమే సరైన పని.

ఐసు గురించి చెప్పిన తీరు కూడా ఆలోచింపజేసింది. విశ్రాంతి, ఐసు, గట్టి కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాల పద్ధతిని 1978లో అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ ప్రచారంలోకి తెచ్చారు. పూర్తి విశ్రాంతీ ఎక్కువసేపు ఐసూ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో ఆయనే తన మాటను సవరించుకున్నారు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన సూచనలు మొదటి కొద్ది రోజుల రక్షణ తర్వాత క్రమంగా బరువు మోపడానికీ వ్యాయామానికీ ప్రాధాన్యం ఇచ్చాయి. నొప్పి తగ్గించుకోవడానికి కొద్దిసేపు ఐసు పెట్టుకోవచ్చని, దానితోనే గాయం మానుతుందని భావించవద్దని శిక్షకుడు తేల్చి చెప్పారు. పాఠ్యపుస్తకంలో ఉన్నది కూడా మారుతుందని ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకు ఈ వయసులోనే తెలియడం మంచిది.

టేపు తరగతికి రెండు వారాలు పట్టింది. సాగని తెల్లటి జింక్ ఆక్సైడ్ టేపుతో చీలమండకు కట్టే పద్ధతిని ఒక మహిళా ఫిజియోథెరపిస్ట్ నేర్పారు. ముందు పిక్క కింద ఒక చుట్టు, దాని నుంచి మడమ కిందుగా అటు వైపుకు లాగే పట్టీలు, ఆ తర్వాత మడమను బిగించే చుట్లు. టేపులో చిన్న ముడత పడినా ఆమె విప్పించి మళ్లీ కట్టించేవారు, ఎందుకంటే ఆ ముడత దగ్గరే అరగంట ఆటలో బొబ్బ లేస్తుంది. కట్టు పూర్తయ్యాక బొటనవేలి గోరును నొక్కి వదిలి, తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కుతుందో లేదో చూడమన్నారు. ఎక్కకపోతే కట్టు బిగిసిందని, విప్పాలని అర్థం. మా అమ్మాయిల్లో ఒకరు మొదట కట్టిన కట్టుకూ చివరి వారం కట్టిన కట్టుకూ పోలికే లేదు. సాధన కోసం వాడే టేపు ఖర్చు రుసుములో కలపకపోవడం మాత్రం బాగాలేదు. సాగని టేపు ఒకసారి వాడితే మళ్లీ పనికిరాదు కాబట్టి ఆ ఖర్చు పేద విద్యార్థులకు భారమవుతుంది, దానిని ముందే చెప్పాలి.

మోకాలి పాఠంలో ఆటను ఆపే ధైర్యం గురించి మాట్లాడారు. మోకాలి లోపల ఏటవాలుగా ఉండే ముందరి లిగమెంట్, అంటే ఏ.సి.ఎల్., ఎవరూ తగలకుండానే, దిశ మార్చేటప్పుడో ఎగిరి దిగేటప్పుడో తెగిపోతుంది. అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఈ గాయం ఎక్కువ. మన ఉమ్మడి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఈ లిగమెంటే తెగింది. శస్త్రచికిత్సల తర్వాత ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచారు. ఆయన పేరు చెప్పగానే తరగతిలో ఉత్సాహం పెరిగింది. ఆ ఉత్సాహాన్ని శిక్షకుడు సరైన వైపుకు మళ్లించారు. శస్త్రచికిత్స తర్వాత తొమ్మిది నెలల లోపు ఆటకు తొందరపడేవారిలో మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువని, ఆ తొమ్మిది నెలలు నిండేవరకు వాయిదా వేసిన ప్రతి నెలకూ ఆ ప్రమాదం దాదాపు సగానికి తగ్గిందని 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఫలితాన్ని చెప్పారు. ఫైనల్ ముందు రోజు ఊరి పెద్దలు, కోచ్, తల్లిదండ్రులు అందరూ ఆడించమని అడుగుతున్నప్పుడు ఒక్కరే నిలబడి వద్దనవలసి వస్తుందని, అలా అనలేనివారు ఈ వృత్తికి రాకపోవడమే మేలని ఆయన సూటిగా చెప్పారు. ఈ ఒక్క మాట కోసం ఈ శిక్షణకు వెళ్లవచ్చని నేను నమ్ముతున్నాను. తలకు దెబ్బ తగిలి మైకం కమ్మినవారిని ఆ రోజు మళ్లీ మైదానంలోకి పంపకూడదన్న నియమాన్నీ ఇదే పట్టుదలతో బోధించారు.

పోలీసు ఉద్యోగాల కోసం పరుగెత్తే పిల్లలకు వచ్చే ముంగాలి నొప్పి గురించి చెప్పినది నాకు వెంటనే పనికివచ్చింది. నొప్పి ముంగాలి లోపలి అంచు వెంబడి 5 సెంటీమీటర్లకు మించి పరుచుకొని ఉంటే అది ఎక్కువగా ఎముక పైపొర ఒత్తిడికి సంబంధించినది. ఒక్క వేలితో చూపించగలిగే చోట, రాత్రి పడుకున్నా పోని నొప్పి ఉంటే ఎముకలో సన్నటి పగులు ఉందేమోనని అనుమానించాలి. ఇటువంటి పగులు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కాబట్టి ఎక్స్‌రే బాగుందనగానే పరుగుకు పంపకూడదు. పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచాక ఎడమ చీలమండలో ఇలాంటి పగులు బయటపడి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైన సంగతిని ఉదాహరణగా చెప్పారు.

గుండె ఆగినప్పుడు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కే పద్ధతిని బొమ్మ మీద చేయించారు. బొమ్మ ఒక్కటే ఉండడం వల్ల ఒక్కొక్కరికీ దొరికిన సమయం తక్కువ. బ్యాచ్‌ను చిన్నదిగా చేయాలి, లేదా ఇంకొక బొమ్మ కొనాలి.

పెద్ద లోటు వడదెబ్బ పాఠంలో ఉంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే ప్రాంతంలో నడిచే శిక్షణలో దీనికి ఒక తరగతి చివరన మిగిలిన కొద్ది సమయమే దక్కింది. చెప్పినది సరైనదే: శ్రమ వల్ల శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించాలి. అరగంట లోపు చల్లబరిస్తే ప్రాణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. కానీ దానిని మన ఊళ్లో ఎలా చేయాలో చేసి చూపించలేదు. ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్టాను నలుగురు అంచులు ఎత్తి పట్టుకొని, మధ్యలో మనిషిని పడుకోబెట్టి, ఐసు కలిపిన నీళ్లు పోసి కదుపుతూ ఉండే పద్ధతి ఇతర దేశాల్లో వాడుకలో ఉంది. మన తీరంలో రొయ్యలు, చేపల వ్యాపారం వల్ల ఐసు ఫ్యాక్టరీలకు కొదవ లేదు, పట్టాలు ప్రతి రైతు ఇంట్లో ఉంటాయి. ఒక ఆదివారం ఉదయం మైదానంలో దీనిని అందరిచేత చేయిస్తే ఈ రెండు జిల్లాలకు అంతకంటే మేలైన పాఠం ఉండదు. దానికి కావలసిన సమయం ఎక్కడి నుంచి వస్తుందంటే, అల్ట్రాసౌండ్ వంటి యంత్రాల ప్రదర్శనకు వెచ్చించిన గంటల నుంచి తీసుకోవచ్చు. మైదానంలో ఉండబోయేవారికి ఆ యంత్రాల వివరాలు ఇప్పుడే అవసరం లేదు.

నిషిద్ధ ఉత్ప్రేరకాల పాఠం చిన్నదైనా చక్కగా ఉంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే దగ్గు సిరప్‌లు కొన్నింటిలో టెర్బుటాలిన్ ఉంటుందని, అది ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉందని విని చాలామంది విస్తుపోయారు. జాతీయ స్థాయికి వెళ్లే పిల్లవాడు దగ్గు మందు తాగి నిషేధానికి గురికాకుండా కాపాడడం కూడా ఈ వృత్తిలో భాగమేనని, మన దేశంలో 2022లో దీనికి ప్రత్యేక చట్టమే వచ్చిందని చెప్పారు.

ఇక చదువుల గురించి చెప్పిన రెండు తరగతులు. మా అమ్మాయిలు వచ్చినదే దీనికోసం. శిక్షకుడు మొదటి వాక్యంలోనే, ఈ శిక్షణతో మీరెవరూ ఎవరికీ చికిత్స చేయడానికి అర్హులు కారు అని స్పష్టం చేశారు. అమెరికాలో ఆటగాళ్ల గాయాలను మైదానం పక్కన ఉండి చూసే అథ్లెటిక్ ట్రైనర్ అనేది వ్యాయామశాలలో బరువులు ఎత్తించేవారి పని కాదు. వారి జాతీయ సంఘం 1950లో ఏర్పడింది, 1990లో అక్కడి వైద్య సంఘం ఆ పనిని ఆరోగ్య వృత్తిగా గుర్తించింది, ఇప్పుడు ఆ వృత్తిలోకి రావాలంటే మాస్టర్స్ డిగ్రీ, ఆపైన బోర్డు పరీక్ష ఉండాలి. మన దేశంలో మైదానం పక్కన ఆ బాధ్యత ఎక్కువగా ఫిజియోథెరపిస్టుల మీద ఉంటుంది. అందువల్ల మన పిల్లలకు ప్రధానమైన దారి బి.పి.టి., అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. ఇది ఇంతకాలం నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా ఉండేది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ రూపొందించిన కొత్త పాఠ్యప్రణాళిక దానిని ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చేసింది. తర్వాత క్రీడా విభాగంలో రెండేళ్ల పీజీ, అంటే ఎం.పి.టి. మన రాష్ట్రంలో ఈ కళాశాలలు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటాయి. ఎం.బి.బి.ఎస్. చదివినవారికి క్రీడా వైద్యంలో మూడేళ్ల ఎం.డి. ఉంది.

ఇక్కడ నేను ప్రత్యేకంగా చెప్పదలచిన విషయం ఒకటి ఉంది, దానిని శిక్షకుడూ నొక్కి చెప్పారు. ఫిజియోథెరపీకి ఇంటర్‌లో బైపీసీ కావాలి. మన ఊళ్లలో పదో తరగతి కాగానే ఆటలాడే పిల్లలను, చదువు భారం తక్కువని హెచ్.ఇ.సి.లోనో సి.ఇ.సి.లోనో చేర్చడం అలవాటు. ఆటను ఎవరికంటే ఎక్కువగా ప్రేమించే పిల్లలకు క్రీడా వైద్యపు తలుపు పదహారేళ్ల వయసులోనే ఇలా మూసుకుపోతోంది, అది కూడా వారికి తెలియకుండా. మాతో వచ్చిన అమ్మాయిల్లో ఒకరు బైపీసీ, ఇంకొకరు హెచ్.ఇ.సి. రెండో అమ్మాయికి ఆ తరగతిలో కన్నీళ్లు ఆగలేదు. మహిళా ఫిజియోథెరపిస్ట్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, క్రీడా మనస్తత్వశాస్త్రం, వ్యాయామ విద్య, శారీరక దారుఢ్య శిక్షణ వంటి దారుల గురించి కాగితం మీద రాసి ఓపికగా వివరించారు. డిగ్రీలో సైకాలజీ తీసుకోవాలని ఆమె ఇప్పుడు నిశ్చయించుకుంది. వ్యాయామోపాధ్యాయులందరం తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ గ్రూపుల సంగతి చెప్పి తీరాలి.

ఉద్యోగాల గురించి రంగుల చిత్రం చూపించకపోవడం ఈ కేంద్రం నిజాయితీకి గుర్తు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక జట్లకు ఫిజియోలు కావలసివచ్చిందని, అయితే చదువు ముగిసిన మొదటి ఏళ్లలో జీతం తక్కువని, పండుగలకూ సెలవులకూ ఇంట్లో ఉండడం కుదరదని, పోటీలు జరిగేది అప్పుడేనని చెప్పారు. శిక్షణ ముగిసినవారికి ఒక వారం పాటు సాయంత్రాలు క్లినిక్‌లో కూర్చొని చూసే అవకాశం ఇస్తారు. దీనిని వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. శస్త్రచికిత్స అయిన ఒక యువకుడి మోకాలు ఎంత వంగుతోందో మహిళా ఫిజియోథెరపిస్ట్ కోణమాపకంతో కొలిచి, కిందటి వారం 95 డిగ్రీలు, ఈ వారం 100 అని పుస్తకంలో రాసుకున్నారు. ఆ ఐదు డిగ్రీల కోసం అతనూ, ఆమె కూడా వారమంతా శ్రమించారు. టీవీలో మైదానంలోకి సంచి పట్టుకొని పరుగెత్తే ఫిజియోను చూసి ఈ వృత్తిని కోరుకున్న పిల్లలకు, అసలు పని రోజులో ఎక్కువ భాగం ఇలా ఉంటుందని తెలియాలి. మా బైపీసీ అమ్మాయి ఆ వారం చూశాక కూడా ఇదే చదువుతానంది. అందుకే ఆమె నిర్ణయం మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇంత నిజాయితీగా బోధించే కేంద్రం బయట వేలాడదీసిన ఫ్లెక్సీ మీద మాత్రం 'స్పోర్ట్స్ మెడిసిన్ సర్టిఫికెట్ కోర్సు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల చెప్పే మాటకూ బయటి రాతకూ పొంతన లేదు. చివర్లో ఇచ్చే కాగితం హాజరు పత్రం మాత్రమే. దానిని చూపించి ఊళ్లో బోర్డు పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఆ ఫ్లెక్సీని మార్చమని నేను నిర్వాహకులను అడిగాను. తర్వాతి బ్యాచ్‌కు మారుస్తామన్నారు. ఇచ్చే నోట్సు అంతా ఇంగ్లీషులోనే ఉంది. పాఠం తెలుగులో చెప్పినా, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇంటికి వెళ్లి ఆ నోట్సు చదువుకోలేకపోతున్నారు. అవయవాల పేర్లతో ఒక తెలుగు పట్టిక ఇచ్చినా సగం ఇబ్బంది తీరుతుంది.

అమ్మాయిలను పంపడానికి సందేహించే తల్లిదండ్రులకు: శరీరాన్ని తాకి నేర్పవలసిన ప్రతి పాఠాన్నీ అమ్మాయిలకు మహిళా ఫిజియోథెరపిస్టే విడి గదిలో నేర్పుతారు. కావలి, ఒంగోలు వైపు నుంచి వచ్చేవారికి ఉదయం రైలు అనుకూలం, తరగతి మధ్యాహ్నం భోజనాల వేళకు ముగుస్తుంది. మోకాళ్ల పైకి మడవగలిగే ప్యాంటు వేసుకొని రావాలి, టేపు ఖర్చుకు కొంత డబ్బు విడిగా ఉంచుకోవాలి. పదో తరగతి పిల్లలను చేర్చుకోరు గానీ, చదువుల గురించి చెప్పే చివరి రెండు తరగతులకు వారిని తల్లిదండ్రులతో కలిసి ఉచితంగా కూర్చోనిస్తారు. ఇంటర్ గ్రూపు ఎంచుకోకముందే వారిని అక్కడికి తీసుకువెళ్లండి.